కోర్లు లెక్కపెట్టే ముందు.. సీమోర్ క్రే కథ వినండి

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర మెట్రో దిగి ఫిల్మ్‌నగర్ వైపు బయల్దేరితే అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోల పేర్లే ముందు గుర్తొస్తాయి. కానీ కంప్యూటర్ చదువు చదివిన మీలాంటివాళ్లకు పని దొరికే చోట్లు చాలావరకు ఆ పెద్ద గేట్ల వెనక ఉండవు. సందుల్లో, మామూలు బిల్డింగుల పై అంతస్తుల్లో నడిచే ఎడిటింగ్ సూట్లు, డీఐ ల్యాబులు, వీఎఫ్‌ఎక్స్ కంపెనీలు అవి. హైదరాబాద్‌లోని మకుట వీఎఫ్‌ఎక్స్ పనికి ‘ఈగ’ జాతీయ అవార్డు తెచ్చుకున్నాక, ‘బాహుబలి’ వచ్చాక ఈ ఉద్యోగాల గురించి ఊళ్లలో కూడా మాట్లాడుకుంటున్నారు.

అలాంటి కంపెనీకి ఇంటర్వ్యూకు వెళ్లారనుకోండి. రెండు కొటేషన్లు మీ ముందు పెట్టి, ఒకదాంట్లో 64 కోర్ల ప్రాసెసర్ ఉంది, ఇంకోదాంట్లో 28 కోర్లవి రెండున్నాయి, మన పనికి ఏది కొనాలో చెప్పమంటే? ఎక్కువ కోర్లున్నదే మంచిది అనేస్తే ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. ఇంకో సంగతి కూడా ఉంది. కోర్సు అవ్వగానే సొంతంగా వర్క్‌స్టేషన్ కొందామని నాన్నతో అప్పు చేయించి, సికింద్రాబాద్ సీటీసీలో షాపులు తిరిగేవాళ్లూ మీలో ఉన్నారు. అక్కడ తప్పుడు ప్రాసెసర్ ఎంచుకుంటే నష్టం మార్కుల్లో కాదు, ఈఎంఐలో తెలుస్తుంది.

ఈ రెండు చోట్లా మీకు పనికొచ్చే మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన పోయి పాతికేళ్లు దాటింది. మన సినిమాలు బహుశా ఒక్కటీ చూసి ఉండరు. పేరు సీమోర్ క్రే. సూపర్ కంప్యూటర్ అనగానే ముందుగా చెప్పుకునే పేరు ఆయనదే.

బొమ్మల సెట్‌తో మొదలు

క్రే 1925 సెప్టెంబర్ 28న అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చిప్పెవా ఫాల్స్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. నాన్న సివిల్ ఇంజినీర్. పిల్లాడి ఆసక్తి చూసి ఇంటి కింది గదిని ఆయనకే వదిలేశారు. పదేళ్ల వయసులో, పిల్లలు ఆడుకునే ఇనప ముక్కల సెట్‌తో, చిల్లులు పెట్టిన కాగితం టేపును మోర్స్ కోడ్ సంకేతాలుగా మార్చే పరికరాన్ని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో ఆపరేటర్‌గా యూరప్ వెళ్లారు. తర్వాత పసిఫిక్ వైపు జపాన్ సంకేత భాషను ఛేదించే పనిలో ఉన్నారు. తిరిగొచ్చి మిన్నెసోటా యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ డిగ్రీ, 1951లో అప్లైడ్ మ్యాథమెటిక్స్‌లో మాస్టర్స్ పూర్తిచేశారు.

మొదటి ఉద్యోగం సెయింట్ పాల్‌లోని ఇంజినీరింగ్ రీసెర్చ్ అసోసియేట్స్‌లో. ఆ ఆఫీసు ఒకప్పటి గ్లైడర్ల ఫ్యాక్టరీ. 1957లో విలియం నోరిస్ తదితరులు అక్కడి నుంచి బయటికొచ్చి కంట్రోల్ డేటా కార్పొరేషన్ పెడితే, ఆ తర్వాత క్రే కూడా వెళ్లిపోయారు. కొత్త కంపెనీ, చేతిలో డబ్బు తక్కువ. ప్రయోగాల కోసం ఆయన లోకల్ ఎలక్ట్రానిక్స్ షాపులో నాసిరకమని పక్కనపడేసిన చవక ట్రాన్సిస్టర్లు కొనుక్కొచ్చి, వాటి తేడాలను తట్టుకునేలా సర్క్యూట్ గీశారని చెబుతారు. మన సీటీసీ బేరంలాంటిదే. కాకపోతే ఆయన బేరం వస్తువు ధర మీద ఆగలేదు, డిజైన్‌లోకి కూడా వెళ్లింది.

1964లో వచ్చిన సీడీసీ 6600తో క్రే పేరు మారుమోగింది. అప్పటిదాకా ఐబీఎం దగ్గరున్న ‘స్ట్రెచ్’ యంత్రం కన్నా ఇది సుమారు మూడు రెట్లు వేగం. దీని గురించి విన్న ఐబీఎం అధిపతి టామ్ వాట్సన్ జూనియర్ తన వాళ్లకు ఘాటుగా మెమో రాశారు. ఊడ్చే మనిషితో కలిపి 34 మంది ఉన్న ల్యాబ్ చేతిలో, ఇంత పెద్ద కంపెనీ ఎలా వెనకబడిందన్నది ఆయన బాధ.

ఎలా సాధ్యమైందో ఫిల్మ్‌నగర్ భాషలో చెప్పుకుందాం. పెద్ద హీరో కాల్‌షీట్ ఇచ్చారు. సెట్‌కి వచ్చాక లైటింగ్ కాలేదని, కాస్ట్యూమ్ రాలేదని రెండు గంటలు క్యారవాన్‌లో కూర్చోబెడితే నిర్మాత డబ్బు పోయినట్టే. ప్రాసెసర్ కూడా అంతే. డేటా కోసం, డిస్కు కోసం, ప్రింటర్ కోసం కాచుకుని కూర్చుంటే ఎంత వేగం ఉండీ దండగ. 6600లో క్రే ఏం చేశారంటే, ఈ చిల్లర పనులన్నీ చూడటానికి పది చిన్న ప్రాసెసర్లను విడిగా పెట్టారు. మధ్యలో ఉన్న పెద్ద ప్రాసెసర్‌కు లెక్కలు తప్ప వేరే పని లేదు. దాని లోపల కూడా కూడికకు, గుణకారానికి, భాగాహారానికి వేర్వేరు విభాగాలు పెట్టి, ఒకటి పనిలో ఉండగానే ఇంకోటి మొదలయ్యేలా చూశారు. ఆ తర్వాత ముప్పయ్యేళ్లు ఆయన చేసిన ప్రతి యంత్రంలోనూ ఇదే పట్టుదల: హీరోను ఖాళీగా కూర్చోనివ్వకూడదు.

కాగితం మీద వేగం, పనిలో వేగం

7600 వచ్చింది. 8600 డబ్బుల్లేక ఆగిపోయింది. 1972లో క్రే బయటికొచ్చి సొంతంగా క్రే రీసెర్చ్ పెట్టుకున్నారు. ఇక్కడే మీరు ఇంటర్వ్యూకు తీసుకెళ్లాల్సిన పాఠం ఉంది. ఎందుకంటే రెండు పెద్ద ప్రాసెసర్లను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అప్పుడే వచ్చింది.

ఒకటి సీడీసీ వాళ్ల స్టార్-100. 6600 మీద క్రేతో కలిసి పనిచేసిన జిమ్ థార్న్‌టన్ దాని రూపశిల్పి. రెండోది క్రే-1. రెండూ వెక్టర్ యంత్రాలే. అంటే ఒకే లెక్కను వరసగా వందల అంకెల మీద ఒక్క ఆదేశంతో చేసేస్తాయి. ఒక ఫ్రేములోని పిక్సెళ్లన్నిటి వెలుగునూ పది శాతం పెంచమన్నామనుకోండి, అలాంటి పని. స్టార్-100 గరిష్ఠ వేగం సెకనుకు పది కోట్ల లెక్కలు. ఆ రోజుల్లో కళ్లు చెదిరే అంకె. కానీ అది ప్రతి అంకెనూ దూరంగా ఉన్న మెమరీ నుంచి తెచ్చుకుని, ఫలితాన్ని మళ్లీ అక్కడే పెట్టేది. మొదలెట్టడానికే చాలా సమయం పట్టేది. చిన్న వరసలైతే ఆ మొదలెట్టే ఖర్చుకే వేగమంతా పోయేది. ఇక వరసగా రాని మామూలు లెక్కల్లో ఇంకా నెమ్మది. కొన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

క్రే ఈ తప్పు ఎక్కడుందో చూశారు. క్రే-1లో ప్రాసెసర్ పక్కనే ఎనిమిది వెక్టర్ రిజిస్టర్లు పెట్టారు. ఒక్కోదాంట్లో 64 అంకెలు పడతాయి. ఒకసారి తెచ్చుకున్న డేటాతో అక్కడికక్కడే పని జరిగిపోతుంది. దీంతోపాటు మామూలు లెక్కల్లో కూడా అప్పటికి అన్నిటికన్నా వేగంగా ఉండేలా చేశారు. 80 మెగాహెర్ట్జ్ గడియారం, గరిష్ఠంగా సెకనుకు 16 కోట్ల లెక్కలు. మొదటిది 1976లో లాస్ అలమోస్ ల్యాబ్‌కు వెళ్లింది. మొత్తం 80కి పైగా అమ్ముడుపోయాయి.

దీని వెనక ఉన్న లెక్కను 1967లోనే జీన్ ఆమ్డాల్ చూపించారు. మీరూ వేసి చూడండి. ఒక షాట్ పని ఒక్క కోర్ మీద పది గంటలు పడుతుంది. అందులో తొమ్మిది గంటల పనిని ముక్కలు చేసి పంచొచ్చు, ఒక గంట పనిని పంచలేం. 32 కోర్లు పెడితే మొత్తం దాదాపు 77 నిమిషాలు. 64 పెడితే 68 నిమిషాలు. కోర్లు రెట్టింపు చేసి మీరు మిగుల్చుకున్నది తొమ్మిది నిమిషాల లోపే. ఇప్పుడు ఆ 64 కోర్ల చిప్‌లో ఒక్కో కోర్ వేగం 20 శాతం తక్కువ అనుకోండి. పని 85 నిమిషాలకు వెళ్తుంది. అంటే సగం కోర్లున్న చిప్ ముందే పూర్తిచేసి టీకి వెళ్లిపోతుంది!

అయితే సినిమా పనంతా ఇలా ఉండదు. ఫైనల్ రెండరింగ్‌లో ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ సంబంధం లేదు. సెకనుకు 24 ఫ్రేములు, అయిదు సెకన్ల షాట్ అంటే 120. వాటిని 120 మెషీన్లకు పంచినా గొడవ లేదు. అదే నీళ్లు, పొగ, మంటల సిమ్యులేషన్ అయితే యాభయ్యో ఫ్రేమ్ నలభై తొమ్మిదో ఫ్రేమ్ పూర్తయ్యేదాకా ఆగాల్సిందే. మాయాలో క్యారెక్టర్ రిగ్‌ను కదిలించే యానిమేటర్‌కు కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ వేగమే ఎక్కువ అక్కరకొస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూలో కొటేషన్లు పెట్టగానే మీరు తిరిగి అడగాల్సిన మొదటి ప్రశ్న: ఈ మెషీన్ మీద కూర్చునేది ఎవరు?

మెమరీలో 152 తప్పులు

వర్క్‌స్టేషన్, సర్వర్ ప్రాసెసర్లకు ఎందుకంత ధర అని చాలామంది అడుగుతారు. ఒక జవాబు క్రే-1 మొదటి యంత్రంలో ఉంది. లాస్ అలమోస్ దాన్ని ఆరు నెలలు వాడి చూసింది. మెమరీలో తప్పు జరిగితే గుర్తించే ఏర్పాటు ఉంది గానీ, దానంతటదే సరిదిద్దుకునే ఏర్పాటు అందులో లేదు. ఆ ఆరు నెలల్లో 152 సార్లు మెమరీ తప్పులు నమోదయ్యాయి. ఆ ల్యాబ్ ఉన్నది ఎత్తయిన పీఠభూమి మీద. అంతరిక్షం నుంచి వచ్చే కిరణాల ప్రభావం అక్కడ ఎక్కువని తర్వాత తేల్చారు. వేగం తగ్గుతుందని ఇలాంటి తనిఖీలంటే క్రేకు మొదట్నుంచీ అంత ఇష్టం లేదు. కానీ కొనేవాళ్లు పట్టుబట్టారు, తర్వాతి యంత్రాల్లో తప్పును సరిదిద్దే మెమరీ వచ్చింది. ఈరోజు మీరు స్పెసిఫికేషన్‌లో చూసే ఈసీసీ అన్న మూడక్షరాలు అదే. మూడు రోజులు ఆగకుండా నడిచే సిమ్యులేషన్‌కు అది కావాలి. కాలేజీ ప్రాజెక్టు కోసం కొనే ఎడిటింగ్ పీసీకి దాని కోసం అదనంగా డబ్బు పోయక్కర్లేదని నా అభిప్రాయం.

క్రే-1ను ఫొటోలో చూసే ఉంటారు. ఇంగ్లిష్ ‘సి’ ఆకారంలో స్తంభం, చుట్టూ కూర్చోడానికి సోఫాలాంటి మెత్తలు. ఆ మెత్తల కింద ఉన్నవి పవర్ సప్లైలు. గుండ్రంగా కట్టింది షోకు కాదు, లోపలి తీగలేవీ నాలుగడుగులు మించకుండా ఉండాలని. విద్యుత్ సంకేతం నానోసెకనులో ఒక అడుగు కూడా సరిగా వెళ్లదు. బరువు అయిదు టన్నులు, కరెంటు 115 కిలోవాట్లు, చల్లబరచడానికి ఫ్రియాన్. ధర లక్షల డాలర్లలో, కొన్ని 80 లక్షలు కూడా దాటాయి.

సినిమాకొచ్చిన క్రే, ఢిల్లీకొచ్చిన క్రే

క్రే పేరుతో సినిమా చేసిన యంత్రం ఆయన సొంత డిజైన్ కాదు. ఆయన కంపెనీలోనే స్టీవ్ చెన్ రూపొందించిన ఎక్స్-ఎంపీ అది. లాస్ ఏంజెలెస్‌లో డిజిటల్ ప్రొడక్షన్స్ అనే సంస్థ దాన్ని పెట్టుకుని 1984లో ‘ది లాస్ట్ స్టార్‌ఫైటర్’కు పాతిక నిమిషాలకు పైగా గ్రాఫిక్స్ చేసింది. బొమ్మలు, మినియేచర్లు లేకుండా అంతరిక్ష నౌకల్ని కంప్యూటర్‌లోనే పుట్టించడం అప్పటికి సాహసమే. పని బాగానే ఉంది. కానీ అంత ఖరీదైన యంత్రం ఖర్చు మోయడం మాటలు కాదు. మూడేళ్లు తిరిగేసరికి ఆ సంస్థ చేతులు మారి మూతపడింది.

మన దేశం కూడా వాతావరణ అంచనాల కోసం ఎక్స్-ఎంపీ అడిగింది. రెండు ప్రాసెసర్లున్న మోడల్ ఇవ్వడానికి అమెరికా ఒప్పుకోలేదు. ఎక్కడ రక్షణ పరిశోధనకు వాడతారో అన్న భయం. చివరికి ఒకే ప్రాసెసర్ ఉన్నది ఢిల్లీకి వచ్చింది. ఈ అనుభవం తర్వాతే 1988లో పుణెలో సీ-డాక్ మొదలైంది. విజయ్ భట్కర్ నాయకత్వంలో 1991లో పరమ్ 8000 తయారైంది. దాని నిర్మాణం క్రే పద్ధతికి పూర్తిగా ఎదురు దారి. ఒక్క భారీ ప్రాసెసర్ బదులు, బజారులో దొరికే ట్రాన్స్‌ప్యూటర్ అనే చిన్న చిప్‌లను డజన్ల కొద్దీ కలిపి కట్టారు.

ఈ ఎదురు దారి అంటే క్రేకు నమ్మకం ఉండేది కాదు. పొలం దున్నడానికి బలమైన ఎడ్ల జత కావాలా, 1,024 కోళ్ల గుంపు కావాలా అన్న పోలిక ఆయన పేరుతోనే ప్రచారంలో ఉంది. ఆయన ఎడ్ల వైపే. 1985లో ద్రవంలో ముంచి చల్లబరిచే క్రే-2 తెచ్చారు. గరిష్ఠ వేగంలో అది ఎక్స్-ఎంపీని దాటిపోయింది. కానీ మెమరీ నుంచి డేటా రావడానికి ఆలస్యమయ్యేది. దాంతో చాలా ప్రోగ్రాములు పాత ఎక్స్-ఎంపీ మీదే మెరుగ్గా నడిచాయి. హీరోను ఖాళీగా కూర్చోబెట్టకూడదన్న మనిషి యంత్రంలోనే ఇలా జరిగింది. తర్వాత సిలికాన్ వదిలేసి గాలియం ఆర్సెనైడ్ చిప్‌లతో క్రే-3 మీద పడ్డారు. 1989లో కొలరాడో స్ప్రింగ్స్‌లో దీనికోసం వేరే కంపెనీ పెట్టుకున్నారు. చిప్‌లు తయారవడం ఆలస్యమైంది. ఈలోపు ప్రచ్ఛన్న యుద్ధం ముగిసి, అంత డబ్బు పోసి కొనే ప్రభుత్వ ల్యాబులు తగ్గాయి. 1993లో ఒక్కటంటే ఒక్క యంత్రం, అదీ వాతావరణ పరిశోధన కేంద్రానికి చేరింది. 1995 మార్చిలో కంపెనీ దివాలా తీసింది.

అదే 1995 నవంబర్‌లో ‘టాయ్ స్టోరీ’ విడుదలైంది. పూర్తిగా కంప్యూటర్‌లో చేసిన మొదటి పూర్తి నిడివి సినిమా. దాన్ని రెండర్ చేసింది సూపర్ కంప్యూటర్ కాదు. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్లు, 117. రెండర్ పనిలో కోళ్లు గెలిచాయి.

కోళ్ల గుంపు మొత్తం ఒకే చిప్‌లోకి వచ్చేయడం మన కాలపు ముచ్చట. 2020 ఫిబ్రవరిలో ఏఎండీ థ్రెడ్‌రిప్పర్ 3990ఎక్స్ వచ్చింది. 64 కోర్లు, ధర 3,990 డాలర్లు. అప్పటి ఇంటెల్ సర్వర్ చిప్ జియాన్ ప్లాటినం 8280లో 28 కోర్లు, ఒక్కోదాని జాబితా ధర పదివేల డాలర్ల పైమాట. రెండు కలిపినా 56 కోర్లే, ఖర్చు ఇరవై వేలు. కరెంటు చూసినా ఇటు 280 వాట్లు, అటు రెండూ కలిపి 410. రెండర్ పనికి ఎవరు గెలిచారో చెప్పనక్కర్లేదు. చాలా రెండర్ సాఫ్ట్‌వేర్లకు లైసెన్స్ మెషీన్‌కు ఒకటి చొప్పున తీసుకుంటారు కాబట్టి, ఒకే పెట్టెలో ఎక్కువ కోర్లుంటే ఆ ఖర్చూ తగ్గుతుంది.

ఇక్కడితో ఆపేస్తే మీరు సేల్స్‌మన్ మాట వల్లెవేసినట్టే. 3990ఎక్స్‌కు పెట్టగలిగే మెమరీ 256 జీబీ దగ్గర ఆగిపోతుంది. 64 కోర్లకు డేటా అందించే దారులు నాలుగే. జియాన్‌కు ఒక్కోదానికి ఆరు దారులు, ఒక్కోదానికి ఒక టెరాబైట్ దాకా మెమరీ. నగరం మొత్తం మునిగే వరద సీన్‌కు 400 జీబీ కావాలంటే చవకైన చిప్ మొదలే పెట్టలేదు. పైగా విండోస్ 64కు మించిన థ్రెడ్లను గుంపులుగా విడగొడుతుంది. దాన్ని పట్టించుకోని సాఫ్ట్‌వేర్ సగం చిప్‌నే వాడుకునేది. మెమరీ కొరతను ఏఎండీ అదే ఏడాది ఎనిమిది దారులున్న థ్రెడ్‌రిప్పర్ ప్రోతో సరిచేసింది, ధర మాత్రం పెరిగింది. ఈ మోడళ్లు ఇప్పటికి పాతబడ్డాయి. రెండు కంపెనీలూ కొత్తవి తెచ్చాయి, చాలా రెండరింగ్ గ్రాఫిక్స్ కార్డుల మీదికి వెళ్లిపోయింది. పేర్లు గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. మీరు అక్కడ చెప్పాల్సింది, ఒక షాట్ పూర్తవడానికి ఎన్ని గంటలు, ఎన్ని రూపాయలు అని. వీలైతే వాళ్ల పాత షాట్ ఫైల్ ఒకటి తీసుకుని రెండు మెషీన్ల మీదా నడిపి చూద్దామనండి. లాస్ అలమోస్ చేసింది కూడా అదే కదా, ఆరు నెలలు వాడి చూశాకే మాట్లాడింది. అప్పు చేసి కొనేవాళ్లు కూడా షాపువాడు చూపించే బెంచ్‌మార్క్ స్కోరు బదులు తమ ప్రాజెక్ట్ ఫైల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లడం మంచిది.

దివాలా తీసినప్పుడు క్రేకు 69 ఏళ్లు. రిటైరైతే ఎవరూ ఏమీ అనుకునేవాళ్లు కాదు. ఆయన 1996లో ఎస్‌ఆర్‌సీ కంప్యూటర్స్ పేరుతో ఇంకో కంపెనీ మొదలెట్టారు. ఈసారి దారి మార్చారు. జీవితమంతా వద్దన్న పద్ధతిలోనే, అనేక ప్రాసెసర్లు కలిసి పనిచేసే యంత్రం గీయడానికి కూర్చున్నారు. అయితే ఆయన దృష్టి ప్రాసెసర్ల సంఖ్య మీద లేదు. వాటికీ మెమరీకీ మధ్య డేటా ఎంత వేగంగా కదులుతుందన్నదాని మీదే ఉంది.

ఆ పని ఎక్కువ కాలం సాగలేదు. సెప్టెంబర్ 22న కొలరాడో స్ప్రింగ్స్ దగ్గర హైవే మీద ఆయన జీప్‌ను వేరే కారు ఢీకొట్టింది. తలకు, మెడకు తీవ్రంగా దెబ్బలు తగిలాయి. 71వ పుట్టినరోజు ఆస్పత్రిలోనే గడిచింది. అక్టోబర్ 5న కన్నుమూశారు. ఎస్‌ఆర్‌సీని ఆయన సహచరులు ఆ తర్వాత కూడా నడిపారు.